మా ఆయన రాజైన ఏడాది

మా ఆయన కుజ్మాన్‌కు లోకంలో ఎవరి మీదా అసూయ లేదు, ఒక్క మా తమ్ముడి మీద తప్ప. పక్కింటివాళ్ళు కొత్త ట్రాక్టరు కొంటే వెళ్ళి చక్రాలు తట్టి చూసి మనస్ఫూర్తిగా మెచ్చుకుని వస్తాడు. చర్చి వెనక ఉండే ముసలమ్మ టమాటాలు మావాటికంటే పెద్దవైతే విత్తనాలు అడిగి తెచ్చుకుంటాడు. కానీ మా తమ్ముడు ల్యూబెన్ తోటలో ఒక్క గుత్తి మాకంటే ముందు నల్లబడిందంటే చాలు, ఆ పూట ఆయనకు ముద్ద దిగదు.

మా రెండు తోటల మధ్య ఒక బండిదారి ఉంది. అటు ల్యూబెన్‌ది, ఇటు మాది. ఒకే వాలు, ఒకే ఎర్రమట్టి, ఒకే మావ్రూద్ ద్రాక్ష. ఊరి భూములన్నీ కోఆపరేటివ్ కింద ఉన్న రోజుల్లో మా నాన్న దగ్గరుండి నాటించిన తీగలే రెండూ. తంటా అంతా అక్కడే వచ్చింది. మట్టి వేరైతే మట్టిని తిట్టుకోవచ్చు, ఎండ వేరైతే కొండను తిట్టుకోవచ్చు. మా ఆయనకు తిట్టుకోవడానికి ల్యూబెన్ తప్ప ఏమీ మిగల్లేదు.

కుజ్మాన్‌ది కొండమీది పొగాకు ఊరు. మా పెళ్ళయ్యేనాటికి ల్యూబెన్ రైల్వేలో చేరి ప్లోవ్‌దివ్ పట్నంలో ఉంటున్నాడు. నాన్న నడుము పట్టేసి వంగలేకపోయేవాడు, ఇంటికి ఒక మగమనిషి కావాలి. అలా కుజ్మాన్ ఇల్లరికం వచ్చాడు. మా వైపు ఇల్లరికపు అల్లుడంటే కుక్కపిల్లలకు కూడా లోకువే. పెళ్ళినాడే మా మేనమామ రకియా సారా గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చింది అల్లుడా, కొత్త దూడా అని అడిగి అందరినీ నవ్వించాడు. కుజ్మాన్ కూడా నవ్వాడు. ఆ తర్వాత మా మేనమామ చనిపోయేదాకా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు.

తోట పని మా నాన్న దగ్గరే నేర్చుకున్నాడు. పొగాకు ఆకు తెంపడం అలవాటైన చెయ్యి ద్రాక్షకు లొంగడానికి కొన్ని శీతాకాలాలు పట్టింది. లొంగాక మాత్రం ఊళ్ళో అంత శుభ్రంగా కొమ్మ కత్తిరించేవాడు లేడు. అది నేను పెళ్ళాన్ని కాబట్టి చెప్పడం లేదు, ఎవరినైనా అడగండి. అయితే మా నాన్న ఏమనేవాడు? నడుం మీద చెయ్యి వేసుకుని వరస పొడుగునా నడిచి చూసి, బాగానే ఉంది, మా ల్యూబెన్ చెయ్యి పడితే ఇంకాస్త తేలిగ్గా ఉండేది అనేవాడు. ల్యూబెన్ అప్పుడు రైలు పట్టాల మీద దీపం పట్టుకుని తిరుగుతున్నాడు. ఇక్కడ లేనివాడితో కుజ్మాన్‌కు ఆ రోజుల్లోనే పోటీ మొదలైంది. లేనివాణ్ణి ఎలా గెలుస్తారు?

తర్వాత కాలం మారింది, కోఆపరేటివ్ పోయింది, ఎవరి భూములు వాళ్ళకు తిరిగొచ్చాయి. రైల్వేలో మనుషుల్ని తగ్గిస్తే ల్యూబెన్ కూడా ఒక పెట్టె, ఒక అకార్డియన్ పట్టుకుని ఇంటికొచ్చేశాడు. నాన్న పోయేముందు తోటను మా ఇద్దరికీ చెరిసగం పంచాడు. సమానంగానే పంచాడు, నేను కాదనను. కానీ కుజ్మాన్ పంపకాన్ని అలా చూడలేదు. ఇన్నేళ్ళు మోకాళ్ళు అరిగేలా ఆ తీగల మధ్య పాకినవాడికీ, నిన్న అకార్డియన్‌తో దిగినవాడికీ సమానమా అన్నది ఆయన మనసులో మాట. పైకి మాత్రం అనలేదు. మా ఆయన ఏదీ పైకి అనడు.

మా తమ్ముడి సంగతి చెప్పాలంటే, వాడు పనిదొంగ కాదు, కానీ పని వాణ్ణి తరమదు. మేము తెల్లారకముందే తోటకు వెళ్తే వాడు కాఫీ తాగి, పొరుగువాళ్ళ కుక్కతో కూడా మాట్లాడి, ఎండెక్కాక వస్తాడు. వస్తూనే బండిదారి మీద నుంచి, “బావా, నిద్రపట్టిందా?” అని పలకరిస్తాడు. తీగలు కడుతూ పాడతాడు. మధ్యాహ్నం తీగల కిందే పడుకుంటాడు. అయినా వాడి తోట కాస్తుంది. అది నాకు కూడా అర్థం కాదు, నా కళ్ళతో చూశాను కాబట్టి నమ్ముతున్నాను.

ఇక్కడే రాజు గొడవ వచ్చింది. మా ఊళ్ళో ఫిబ్రవరిలో త్రిఫోన్ పండగనాడు అందరూ తోటల్లోకి వెళ్తారు. ఇంటి మగవాడు మూడు కొమ్మలు కత్తిరించి, కోసినచోట వైన్ పోసి, మంచి కాపు రావాలని కోరుకుంటాడు. తర్వాత అందరూ ఒకచోట చేరి ద్రాక్షతోటల రాజును ఎన్నుకుంటారు. కత్తిరించిన కొమ్మలతోనే కిరీటం అల్లి తలమీద పెట్టి, బండిమీద కూర్చోబెట్టి, ఎడ్లకు బదులు మగవాళ్ళే ఆ బండిని ఊళ్ళోకి లాగుతారు. ఆ ఏడు ఊరి ద్రాక్షపంట మంచిచెడ్డలన్నీ రాజు నెత్తిమీదే. పంట బాగా వస్తే వచ్చే ఏడూ వాడే రాజు. పాడైతే, వాడి తప్పున్నా లేకపోయినా, దిగిపోవాలి.

ల్యూబెన్ ఇంటికొచ్చిన మరుసటి ఫిబ్రవరిలో ఎవరో సరదాకు వాడి పేరు చెప్పారు. ఆ ఏడు పంట విరగకాసింది. మళ్ళీ వాణ్ణే అన్నారు, మళ్ళీ కాసింది. అలా వరసగా కొన్నేళ్ళు కిరీటం వాడి తలమీదే ఉండిపోయింది. ప్రతి ఏడూ ఆ బండిని లాగేవాళ్ళలో మా ఆయన కూడా ఉండేవాడు. బావ కాబట్టి ముందు వరసలో, కాడి దగ్గరే నిలబడాలి. ఇంటికొచ్చి భుజం రుద్దుకుంటూ, వానలు కురిపించింది ల్యూబెనా అని నన్నడిగేవాడు. ఎండ కాయించింది వాడా? తెగులు రాకుండా మైలతుత్తం, సున్నం కలిపి తాను వీపు మీద మోసి పిచికారీ కొడుతుంటే వాడు పడుకుని పాడలేదా?

నిజం చెప్పాలంటే నాకూ మండేది, కానీ అది వేరే సంగతికి. కుజ్మాన్ దారికి ఇవతల నిలబడి ల్యూబెన్ తీగల్ని చూసే చూపు ఉందే, ఏ కొమ్మకు ఎన్ని గుత్తులు, ఏ ఆకుకు ఏ మచ్చ, ఏ వరస ముందు పూసింది, అన్నీ ఆయనకు కంఠతా వచ్చేవి. నేను జుట్టు కత్తిరించుకున్న సంగతి మాత్రం మూడు వారాల తర్వాత గమనించాడు. మా తమ్ముణ్ణి తలుచుకున్నంతగా ఆయన నన్నెప్పుడూ తలుచుకోలేదు. ఏ ఆడదానికైనా సవతి ఉంటే కాస్త మర్యాదగా ఉంటుంది. నాకు తమ్ముడు సవతి అయ్యాడు.

ఒక జులైలో వడగళ్ళు పడ్డాయి. కోడిగుడ్లంత కాదుగానీ అక్రోటుకాయలంత ఉన్నాయి. వాన వెలిశాక కుజ్మాన్ తోటకు పరిగెత్తి తడిసి ముద్దై తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“పోయింది. మొత్తం పోయింది,” అన్నాడు.

“మనదా?”

“మనదీ పోయింది. వాడిదీ పోయింది. ఊరందరిదీ పోయింది.” అంతటితో ఆగలేదు. “ఇక రాజరికం కూడా పోయినట్టే.”

నా చేతిలో ఉన్న మూకుడు పొయ్యిమీద ఎలా పడేశానో నాకే తెలుసు. ఏడాది కష్టం బురదలో పడి ఉంటే అవతలివాడి కిరీటం పడిందని మురిసిపోయే మనిషితో ఏం కాపురం చేస్తాం? రెండు రోజులు నేనాయనతో మాట్లాడలేదు. ఆయన గమనించలేదు.

ఫిబ్రవరి వచ్చింది. ల్యూబెన్ తనంతట తానే దిగిపోయి, వడగళ్ళ రాజును నేను, ఈసారి పని తెలిసినవాణ్ణి పెట్టండి, మా బావను పెట్టండి అన్నాడు. అందరూ సరేనన్నారు. నా గొంతు కూడా ఆ కేకల్లో ఉంది. కుజ్మాన్ తలమీద కిరీటం పెట్టినప్పుడు ఆయన నుదుటి మీద కొమ్మ గీరుకుని చిన్న గాటు పడింది, ఆయన తుడుచుకోలేదు. బండిమీద వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. కాడి దగ్గర ల్యూబెన్ లాగుతూ పాడుతున్నాడు. మా ఇంటి ముందు ఊరంతా బారులు తీరితే, అన్నం కూరిన కోడి, ద్రాక్షాకుల బొమ్మలు చెక్కిన రొట్టె, పీపాలో ఉన్న వైన్ అంతా ఆ పూటతో ఖర్చైపోయింది. నాకు దిగులనిపించలేదు. పెళ్ళినాడు అందరూ తనను చూసి నవ్విన గుమ్మంలోనే ఇప్పుడు ఆయన నిలబడి అందరికీ పోస్తున్నాడు.

మరునాటి నుంచి అసలు కత్తిరింపు. వడగళ్ళు కొట్టిన తీగకు ఒళ్ళంతా దెబ్బలే. అలాంటి తీగను ఆ ఏడు పొట్టిగా కత్తిరించాలి, కొమ్మకు చిగురువేసే కళ్ళు రెండు మూడుకు మించి వదలకూడదు. కాపు తగ్గినా ఒంట్లోకి బలం వస్తుంది. ఇది మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. కుజ్మాన్‌కు అందరికంటే బాగా తెలుసు. అయినా ఆయన కొమ్మలు బారెడు బారెడు పొడుగ్గా వదిలేసి కడుతున్నాడు. నేను రెండో వరసలో తీగలు కడుతూ చూస్తున్నాను. దారికి అటుపక్క ల్యూబెన్ మోడుల్లా పొట్టిగా కత్తిరించుకుంటూ పోతున్నాడు. కాసేపు చూసి కత్తెర జేబులో పెట్టుకుని ఇటొచ్చాడు.

“బావా, దెబ్బతిన్న తీగ. ఇంత పొడుగు మొయ్యలేదు. ఈ ఏడు దాన్ని పడుకోనీ.”

“రాజు తోట పడుకుంటే ఊరి తోటలు లేస్తాయా?” అన్నాడు కుజ్మాన్, తలెత్తకుండా.

“నాకు తెలియక కాదు బావా—”

“నీకు తెలిసింది నీ తోటలో చెయ్యి.”

ల్యూబెన్ నా వైపు చూసి భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. వాడు వినపడనంత దూరం వెళ్ళాక మా ఆయన తృప్తిగా తల ఊపి, నా తోట కాయకూడదని వాడి ఏడుపు అన్నాడు. రాజు తోటలో గుత్తులు కొమ్మకొమ్మకూ వేలాడాలన్న ఆశ ఆయన్ను ఆ పని చేయించింది. చేతకానివాడు చేసే తప్పు కాదది, కిరీటం పెట్టుకున్నవాడు చేసే తప్పు.

ఏప్రిల్లో చిగుళ్ళు వచ్చాక మంచు పడింది. రాజుగా కుజ్మాన్ ఊరందరినీ లేపి చలి చిగుళ్ళను మాడ్చకుండా తోటల గట్ల మీద తడిగడ్డి పొగ పెట్టించాడు. పై తోటలు నిలిచాయి, వాగు పక్కన పల్లంలో ఉన్న తోటలు మాడిపోయాయి. పల్లంవాళ్ళు సణిగారు. ల్యూబెన్ రాజుగా ఉన్నప్పుడు మంచు పడలేదని ఎవరో అన్నారట. ఆ మాట మా ఆయన చెవిన పడింది. అప్పటినుంచి ఆయన తన తోటలో కంటే ఊరివాళ్ళ తోటల్లోనే ఎక్కువ తిరిగేవాడు. వీళ్ళ ఆకుల మీద బూజు తెగులు చూసి, వాళ్ళు పిచికారీ ఆలస్యం చేశారని తిట్టి, ఇంకొకళ్ళ తీగల్లో దండగ చిగుళ్ళు తానే గిల్లి వచ్చేవాడు. దారిలో ఎదురుపడితే జనం పక్క సందులోకి తిరిగిపోయేవారు.

జూన్‌లో పూత బాగా నిలిచింది. జులైకల్లా మా తోట చూడటానికి మనుషులు వచ్చేవారు. ఒక్కో తీగకు అన్ని గుత్తులు నేనెప్పుడూ చూడలేదు, ఆకులకంటే గుత్తులే ఎక్కువ కనిపించేవి. దారికి అటు ల్యూబెన్ తీగలు బోసిగా, ఒకటీ అరా గుత్తితో నిలబడి ఉన్నాయి. ఏళ్ళ తరబడి కుజ్మాన్ కలగన్నది ఇదే. ఆదివారం చర్చి నుంచి వస్తూ కావాలని ఆ దారిన నన్ను తీసుకెళ్ళాడు. ల్యూబెన్ అక్కడే ఉన్నాడు.

“బావా, నీ కాపు చూస్తుంటే కడుపు నిండిపోతోంది,” అన్నాడు వాడు, కళ్ళు చికిలించి నవ్వుతూ. పక్కనున్న తన పొరుగాయనతో, చూశావా మా బావ తోట అని గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

ఆ రోజు ఇంటికొచ్చి కుజ్మాన్ అన్నం ముట్టలేదు. కిరీటం వచ్చింది, కాపు వచ్చింది, దారికి అటుపక్క బోసి తీగలు వచ్చాయి. ఇంకేం తక్కువైందని అడిగాను. ఆయన పెరుగు గిన్నె అటు తోసి, వాడికేం అనిపించడం లేదు అన్నాడు.

ఆగస్టు చివరికి ల్యూబెన్ గుత్తులకు నలుపు తిరగడం మొదలైంది. మావి బఠాణీల్లా పచ్చగానే ఉన్నాయి. మావ్రూద్ అసలే ఆలస్యంగా పండే ద్రాక్ష, అక్టోబరు వానల్లోపు పండకపోతే పుల్లటి నీళ్ళే. పైగా ఆకులు పసుపెక్కుతున్నాయి, తీగలు అలిసిపోయాయని తెలిసిపోతోంది. సగం గుత్తులు ఇప్పుడే కోసి నేలమీద పడెయ్యాలి, అప్పుడు మిగతా సగమైనా పండుతుంది, తీగ బతుకుతుంది అన్నాను. ఆయన నావైపు చూసిన చూపు, పసిపిల్ల గొంతు కోద్దామన్నట్టు ఉంది. రాజు తన చేత్తో గుత్తులు నేలరాలుస్తాడా, ఊరు చూస్తే ఏమనుకుంటుంది, మళ్ళీ ఎన్నుకుంటారా అన్నాడు. ఈ కిరీటం ఒక్క ఏడుతో పోతే, ల్యూబెన్‌కు అన్నేళ్ళు నిలిచింది, ఇల్లరికపువాడికి నిలవలేదు అంటారని ఆయన భయం. అది నాకు అర్థమైంది. కానీ ఆ తీగలు నా తండ్రి నాటించినవి, నాకూ ఒక మాట ఉంటుంది.

ఆయన మైలతుత్తం కొనడానికి అసెనోవ్‌గ్రాద్ బజారుకు వెళ్ళిన రోజు, నేను కత్తెర పట్టుకుని తోటకు వెళ్ళాను. ఎవరికీ తెలియకుండా కాదు, పట్టపగలు, దారిన పోయేవాళ్ళంతా చూస్తుండగానే. ఇద్దరు ఆడవాళ్ళు ఆగి గుండెల మీద సిలువ గీసుకున్నారు. సాయంత్రం బస్సు దిగి ఆయన నేరుగా తోటకే వచ్చాడు. తీగల కింద పచ్చి గుత్తులు పరుచుకుని ఉన్నాయి.

“ఎవరు చేశారిది?”

“నేనే. కత్తెర నా చేతిలోనే ఉంది, కనపట్టంలేదా?”

“నీ అంతట నువ్వు చెయ్యవు. వాడు చెప్పాడు.”

“చెప్పాడయ్యా. ఫిబ్రవరిలోనే చెప్పాడు, నీ మొహం మీదే.”

అరుస్తాడని కాళ్ళు గట్టిగా పెట్టుకుని నిలబడ్డాను. ఆయన అరవలేదు. బుట్ట బోర్లించి దానిమీద కూర్చున్నాడు. మెల్లగా ఆయన మొహమంతా నవ్వు పాకింది.

“అంటే వాడు ఓర్వలేకపోయాడన్నమాట,” అన్నాడు. “నా కాపు చూసి ఇన్నాళ్ళూ లోపల్లోపల ఉడికిపోయాడు. ఆగలేక నీచేత కోయించాడు.”

కాదని చెప్పబోయాను. ఆయన వినే స్థితిలో లేడు. లేచి, జేబులోంచి తన కత్తెర తీసి, మిగిలిన వరసలు తానే కోయడం మొదలుపెట్టాడు. ఈల వేస్తూ కోశాడు. తన చేత్తో తన కాపు సగం నేలపాలు చేస్తూ అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను ఎక్కడా చూడలేదు. అప్పుడు నాకు తెలిసింది, ఇన్నేళ్ళూ ఈయనకు కావలసింది కిరీటం కాదు, తోట కాదు. తాను పడ్డ మంట ల్యూబెన్ కూడా ఒక్కసారి పడాలి. అంతే.

మరునాడు ల్యూబెన్ ఇంటికి వెళ్ళాను. వాడు పెరట్లో పీపాలు కడుగుతున్నాడు.

“ఒరే, మా ఆయనంటే నీకెప్పుడైనా కుళ్ళు పుట్టిందా?” అని అడిగాను.

వాడు చేతిలో బ్రష్ ఆపి నిజాయితీగా ఆలోచించాడు. “దేనికక్కా?”

“దేనికో ఒకదానికి. చెయ్యి తిరిగిన పనివాడు కదా.”

“అవును, బావలాగా కత్తిరించడం నాకు రాదు. వస్తే బాగుండు అనుకుంటాను. దానికి కుళ్ళెందుకు, చూసి ఆనందిస్తాను.”

“నీతో చచ్చిన చావే ఇదిరా,” అన్నాను. “నాకోసం ఒక పని చెయ్యి. కొన్నాళ్ళు కుళ్ళుకో. ఎదురుపడితే మొహం ముడుచుకో. మా తోట చూసి నిట్టూర్చు.”

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. “బావకు నామీద అంత ఉందా ఇంకా?” అన్నాడు. వాడికి తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. సరే అక్కా, చూస్తాను అన్నాడు.

వాడికి చేతకాలేదు. మొదటిరోజు దారిలో మొహం ముడుచుకుని నాలుగడుగులు వేశాడో లేదో, మా ఆయన పన్ను నొప్పా, రకియా పుక్కిలించు అన్నాడు. వాడు పకపకా నవ్వేశాడు. నిట్టూర్పు అసలే రాలేదు. అక్టోబరులో కోతలు మొదలైనప్పుడు, మావే ముందు వానకు పాడవుతాయని చెప్పి, తన పంట తీగల మీదే వదిలేసి మా బుట్టలు మొయ్యడానికి వచ్చాడు. రోజంతా పాడాడు. మా గుత్తులు చివరికి నల్లబడ్డాయి, వైన్ ఫ్యాక్టరీవాడు గాజుగొట్టంలో రసం పోసి తీపి కొలిచి చూసి బాగుందని తల ఊపాడు. ల్యూబెన్ నాకంటే ముందు సంబరపడి మా ఆయన వీపు తట్టాడు. ఆ తట్టుడుతో కుజ్మాన్ సంతోషమంతా దిగిపోయింది. ఆగస్టులో ఈల వేసినవాడు ఖాళీ బుట్టలు తన్నుకుంటూ ఇంటికొచ్చాడు.

మళ్ళీ త్రిఫోన్ పండగ. ఈసారి కుజ్మాన్ తెల్లారకముందే గడ్డం గీసుకున్నాడు. కిరీటం నిలుస్తుందా లేదా అన్నది ఊళ్ళో ఎవరికీ తెలియదు. కొమ్మలు కత్తిరించడం, వైన్ పోయడం అయ్యాక పల్లంవాళ్ళు ముందుకొచ్చారు. మంచుకు సగం ఊరు మాడింది, రాజు తోటలోనే పచ్చిగుత్తులు నేలమీద పడ్డాయి, రాజును మార్చాలన్నారు. పై తోటలవాళ్ళు కాదన్నారు. ఎవరో మళ్ళీ ల్యూబెన్‌నే పెడదామన్నారు, ఆ మాటకు చాలామంది తలలూపారు. మా ఆయన మెడ బిగించుకుని కొండవైపు చూస్తున్నాడు. ఆడవాళ్ళ మధ్య రొట్టె పట్టుకుని నిలబడి నేను ఊగే తలల్ని లెక్కపెట్టుకుంటున్నాను.

అప్పుడు ల్యూబెన్ బండిమీదికెక్కాడు.

“నా పేరెత్తకండి,” అన్నాడు. “నేను చెప్పకూడని మాట ఒకటి చెప్తాను. ఏడాది పొడుగునా మా బావ తోట చూసి నాకు నిద్ర లేదు. నా బోసి తీగలు చూసుకుని కడుపు మండిపోయింది. అన్నేళ్ళు రాజుగా ఉన్నవాణ్ణి నేనే కుళ్ళిపోయానంటే, ఈయన పంట ఎలా ఉందో మీరే ఆలోచించుకోండి. పనికిమాలిన తోటను చూసి ఎవడైనా ఏడుస్తాడా?”

జనం గొల్లుమన్నారు. పల్లంవాళ్ళు కూడా నవ్వారు. ల్యూబెన్ అంతటివాడు ఏడ్చాడంటే ఇక కాదనేదేముంది? కిరీటం మళ్ళీ కుజ్మాన్ తలమీదికి వచ్చింది. కాడి దగ్గర ల్యూబెన్, బండిమీద కుజ్మాన్. ఇన్నేళ్ళూ ఆయన వినాలనుకున్న మాట, ఊరందరి ముందు, ల్యూబెన్ నోటితోనే విన్నాడు. అయినా బండి ఊళ్ళోకి వచ్చేదాకా ఆయన ఒక్కసారి కూడా తల తిప్పి ఎవరినీ చూడలేదు. విందులో అందరికీ పోశాడు, తాను తాగలేదు.

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక నేను గిన్నెలు సర్దుతున్నాను. ఆయన బల్ల దగ్గరే కూర్చున్నాడు.

“మీ తమ్ముడు అబద్ధం చెప్పాడు,” అన్నాడు.

“ఏమో, నిజంగానే అనిపించిందేమో.”

“నాకు చెప్పకు. దాని గురించి నాకంటే తెలిసినవాడు ఈ ఊళ్ళో లేడు. నిజంగా కుళ్ళుకునేవాడు బండెక్కి చెప్పడు. కట్టుకున్నదానికి కూడా చెప్పడు. ఇన్నేళ్ళలో నేనెప్పుడైనా నీకు చెప్పానా?”

నేను గిన్నె బల్లమీద పెట్టాను. “లేదు, చెప్పలేదు.”

“నీకు తెలుసా మరి?”

“తెలుసు. ఊరందరికీ తెలుసు.”

ఆయన బల్లమీది రొట్టెముక్కలు పోగుచేశాడు. తర్వాత, “వాడికి?” అన్నాడు.

“వాడికి మొదట్నుంచీ తెలుసు.”

“తెలిసే రోజూ నిద్రపట్టిందా బావా అని అడిగాడా? తెలిసే నా కోతకు వచ్చాడా?”

“ఆ.”

“చూశావా మరి,” అన్నాడు కుజ్మాన్. “అందుకే వాడంటే నాకు పడదు.”

అని మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే, అదీ నా కోసం కాదు, మా తమ్ముడి కోసం.